ఉచిత ఫొటో ఎడిటింగ్ యాప్: ఫిల్టర్లు లెక్కపెట్టకండి, సేవ్ అయిన ఫైలు చూడండి

మీ ప్రశ్న ఇదీ: 4 జీబీ ర్యామ్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్. ఇంట్లో ఫంక్షన్ల ఫొటోలు సరిచేసుకోవాలి. పుట్టినరోజులకీ పండగలకీ ఫొటో మీద తెలుగులో పేర్లు రాయాలి. ఉద్యోగ దరఖాస్తులకి ఫొటో, సంతకం చిన్న సైజులో చేసుకోవాలి. పైసా కట్టకుండా ఇవన్నీ చేసే ఒక్క యాప్ చెప్పమన్నారు.

ఒక్కటి చాలదండి. ఇవి మూడూ వేరు వేరు పనులు. వెలుగు, రంగు సరిచేయడానికి స్నాప్‌సీడ్ పెట్టుకోండి. తెలుగు అక్షరాలకి పిక్సెల్‌ల్యాబ్ గానీ కాన్వా గానీ తీసుకోండి. దరఖాస్తు ఫొటోలకి అసలు యాప్ అక్కర్లేదు, బ్రౌజర్‌లో తెరుచుకునే ఫొటోపియా చాలు. అన్నీ ఒకే చోట ఇస్తామనే యాప్‌లు ఉన్నాయి. వాటిలో సగం మీటల మీద తాళం బొమ్మ ఉంటుంది, మిగతా సగానికి ప్రతిసారీ ప్రకటన చూడాలి. 4 జీబీ ఫోన్‌లో అలాంటి బరువైన యాప్ పెద్ద ఫొటో తెరిచేసరికి మూసుకుపోతుంది కూడా.

నేను చెప్పినవే పెట్టుకోవాలని లేదు. మీ స్నేహితులు ఇంకేదో చెప్పొచ్చు, ప్లే స్టోర్‌లో ఇంకేదో నచ్చొచ్చు. ఏదైనా సరే, ఎన్ని ఫిల్టర్లు ఉన్నాయని చూడకండి. ఫొటో లోపలికి ఎలా వెళ్లి బయటికి ఎలా వచ్చిందో చూడండి. దానికి పది నిమిషాల పరీక్ష చాలు.

మీ ఫోన్ కెమెరాతో తీసిన ఒక ఫొటోని గ్యాలరీలో తెరిచి వివరాలు చూడండి. 12 మెగాపిక్సెల్ ఫొటో అయితే 4000 × 3000 అని ఉంటుంది. (ఫోన్ డబ్బా మీద 50 మెగాపిక్సెల్ అని రాసి ఉన్నా కంగారు పడకండి. ఆ సెన్సార్లు మామూలుగా నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తాయి.) ఇప్పుడు ఆ ఫొటోని కొత్త యాప్‌లో తెరిచి, క్రాప్ చేయకుండా వెలుగు కొంచెం పెంచి సేవ్ చేయండి. మళ్లీ వివరాలు చూడండి. 4000 అలాగే ఉంటే మంచిదే. 2000 కో 1280 కో పడిపోతే ముందు సెట్టింగుల్లో సైజు మార్చే వీలుందేమో వెతకండి. లేకపోయినా, ఉండి దానికి డబ్బు అడిగినా యాప్ తీసేయండి. తెర మీద రెండు ఫొటోలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఈ నష్టం ఎవరూ గమనించరు. ఏడాది తర్వాత ప్రింట్ తీయిద్దామని స్టూడియోకి వెళ్లినప్పుడు బయటపడుతుంది. అప్పటికి అసలు ఫొటో డిలీట్ చేసేసి ఉంటారు.

రెండో పరీక్షకి ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి అదే పని మళ్లీ చేయండి. యాప్ మామూలుగా పనిచేస్తే ఎడిటింగ్ మీ ఫోన్‌లోనే జరుగుతోందని అర్థం. నెట్ లేదని ఆగిపోతే ఫొటో ఎవరి సర్వర్‌కో వెళ్తూ ఉండొచ్చు. అది అన్నిసార్లూ తప్పు కాదు, కొన్ని పనులకి సర్వర్ తప్పదు. కానీ వెలుగు పెంచడానికి, క్రాప్ చేయడానికి నెట్ అడిగే యాప్‌కి మీ ఇంటి ఆడపిల్లల ఫొటోలు, ఆధార్ కార్డు ఫొటోలు అప్పగించకండి.

మూడోది అనుమతులు. ఫొటో ఎడిటర్‌కి కావలసింది ఫొటోలు మాత్రమే, ఒక్కోసారి కెమెరా. కాంటాక్టులు, ఎస్‌ఎంఎస్‌లు, కాల్ వివరాలు, యాక్సెసిబిలిటీ (తెర మీద ఉన్నవి చదివే అనుమతి) అడిగితే అక్కడే ఆపేయండి. ఆండ్రాయిడ్ 14 నుంచి ఎంచుకున్న ఫొటోలకే అనుమతి ఇచ్చే వీలుంది, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచే ఉంది. కొత్త యాప్‌ని పరీక్షించేటప్పుడు పరీక్షకి వాడే ఒక్క ఫొటోకే అనుమతి ఇవ్వండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ప్లే స్టోర్‌లో ఉందంటే భద్రమే అనుకోవడానికి లేదు. 2019 జనవరిలో ట్రెండ్ మైక్రో సంస్థ 29 బ్యూటీ కెమెరా యాప్‌ల బండారం బయటపెట్టింది. కొన్ని అశ్లీల ప్రకటనలు తెరిచేవి, కొన్ని ఫొటోకి అందం అద్దుతామని చెప్పి దాన్ని తమ సర్వర్‌కి లాక్కునేవి. గూగుల్ వాటిని తీసేసేలోగా కొన్ని లక్షలసార్లు డౌన్‌లోడ్ అయ్యాయి. 2021 జులైలో డాక్టర్ వెబ్ సంస్థ ఫేస్‌బుక్ పాస్‌వర్డ్‌లు దొంగిలించే యాప్‌లను పట్టుకుంది. వాటిలో 50 లక్షలకు పైగా డౌన్‌లోడ్‌లు ఉన్న ఒక ఫొటో ఎడిటర్ ఉంది. ప్రకటనలు పోవాలంటే ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వమనేది. ఎడిటర్‌కి ఫేస్‌బుక్‌తో పని లేదు, ఆ మాట గుర్తుంచుకుంటే చాలు.

ఇక అసలు పనికి వద్దాం. స్నాప్‌సీడ్‌ని నిక్ సాఫ్ట్‌వేర్ 2011లో ఐప్యాడ్ కోసం తెచ్చింది. 2012లో ఆ సంస్థని గూగుల్ కొనేసింది, ఆ ఏడాది చివర్లోనే ఆండ్రాయిడ్‌కి తెచ్చి ఉచితం చేసింది. ప్రకటనలు లేవు, లాగిన్ లేదు, వాటర్‌మార్క్ లేదు, ఎడిటింగ్ ఫోన్‌లోనే జరుగుతుంది. పైన చెప్పిన పరీక్షలన్నీ నెగ్గుతుంది. పెట్టుకోగానే సెట్టింగుల్లోకి వెళ్లి ఇమేజ్ సైజింగ్ దగ్గర సైజు మార్చవద్దు అనేది ఎంచుకుని ఉందో లేదో చూడండి. క్వాలిటీని జేపీజీ 95 శాతం దగ్గర ఉంచండి. 100 పెడితే ఫైలు బాగా బరువెక్కుతుంది, కంటికి తేడా తెలియదు.

వాడే పద్ధతి తెలియక చాలామంది దాన్ని పాతకాలపు యాప్ అనుకుని వదిలేస్తారు. తెర మీద వేలు పైకీ కిందికీ జరిపితే మీట మారుతుంది, పక్కకి జరిపితే విలువ మారుతుంది. (ఐఫోన్‌లో 2025లో దీని రూపం మార్చారు, అక్కడ మీటల చోటు వేరుగా ఉంటుంది.) ముందు క్రాప్ చేయండి, వంకర తీయండి. చివర్లో ఎలాగూ తీసేసే అంచులని చూస్తూ వెలుగు సరిచేస్తే లెక్క తప్పుతుంది. తర్వాత ట్యూన్ ఇమేజ్ తెరవండి. ఆకాశమో తెల్ల చొక్కానో మరీ మెరుస్తుంటే హైలైట్స్ మైనస్ 20 నుంచి మైనస్ 40 దాకా దించండి. ముఖాలు చీకటిగా ఉంటే షాడోస్ ప్లస్ 20 నుంచి 35 దాకా పెంచండి. 40 దాటిందంటే నీడల్లో ఇసుక చల్లినట్టు గరుకు తేలుతుంది. ఫోన్ సెన్సార్ చిన్నది, చీకటి భాగంలో దానికి అందిన సమాచారమే తక్కువ. ఫొటో అంతటా వెలుగుని సమం చేసే యాంబియన్స్ ప్లస్ 15 చాలు. బ్రైట్‌నెస్ మీటని చివరికి వదిలేయండి. చాలామంది మొదట దాన్నే పెంచి, ముఖాల మీద నుదురూ ముక్కూ తెల్లగా పేలిపోయాక మిగతా మీటలతో కుస్తీ పడతారు. జేపీజీలో ఒకసారి పూర్తి తెలుపు అయిన చోట వెనక్కి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. హైలైట్స్ ఎంత దించినా ఆ చోటు బూడిద రంగు అవుతుందంతే.

ముఖం ఒక్కటే చీకటిగా ఉంటే ఫొటో మొత్తం పెంచకండి. సెలెక్టివ్ తెరిచి ముఖం మీద తాకండి, రెండు వేళ్లతో ఆ వలయం ఎంత పెద్దదో సర్దండి, బ్రైట్‌నెస్ 15 నుంచి 25 దాకా ఇవ్వండి. తాకిన చోటి రంగుని పోలినవే ఆ వలయంలో మారతాయి కాబట్టి వెనకున్న గోడ పెద్దగా కదలదు. ఒక ఫొటోలో ఇలాంటి చుక్కలు ఎనిమిది దాకా పెట్టొచ్చు. కుటుంబం వరుసగా నిలబడ్డ ఫొటోలో ఒక్కొక్క ముఖానికి ఒక్కో చుక్క అంటే పని ఎంత సుకరమో చూడండి. డబ్బు కట్టకుండానే ఈ పని ఇంత తేలిగ్గా జరుగుతుంది.

డీటెయిల్స్‌లో స్ట్రక్చర్, షార్పెనింగ్ అని రెండు మీటలుంటాయి. పట్టుచీర అంచు, నగలు, గుడి గోపురం మీది శిల్పాలు తేలాలంటే స్ట్రక్చర్ 15 నుంచి 25 బాగుంటుంది. అదే ముఖం మీద పడితే చర్మంలో ప్రతి రంధ్రమూ కనబడి పెద్దవాళ్ల వయసు పదేళ్లు పెరుగుతుంది. దీనికి మార్గం ఉంది. ఆ మార్పుని ఒప్పుకుని బయటికొచ్చాక పైన ఎడిట్ల గుర్తు నొక్కి, వ్యూ ఎడిట్స్‌లో డీటెయిల్స్ మీద తాకి బ్రష్ బొమ్మ ఎంచుకోండి. విలువ 100 పెట్టి చీర మీదా నగల మీదా మాత్రమే వేలితో రుద్దండి. అక్కడే మార్పు పడుతుంది, ముఖం మామూలుగా ఉంటుంది. స్నాప్‌సీడ్‌లోని దాదాపు ప్రతి మార్పుకీ ఇలా చేయొచ్చు. దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఇది తెలిస్తే ఇంకో యాప్ కోసం వెతుక్కోవడం చాలావరకు తగ్గిపోతుంది.

మన పెళ్లిళ్ల ఫొటోల గురించి విడిగా చెప్పాలి, ఆటోమేటిక్ మీటలు ఎక్కువగా తప్పేది అక్కడే. మంగళస్నానాల ఫొటోలో పసుపు, బంతిపూలు, పసుపు బట్టలు తెరంతా నిండి ఉంటాయి. ఆటో వైట్ బ్యాలెన్స్ (లైటు రంగుని బట్టి ఫొటో రంగులు సర్దే మీట) దాన్ని లైటు తప్పనుకుని నీలం కలుపుతుంది. పసుపు పాలిపోతుంది, ముఖాలు బూడిదగా అవుతాయి. ఇలాంటి ఫొటోకి ఆటో వాడకండి. వైట్ బ్యాలెన్స్‌లో డ్రాపర్ తీసుకుని పంచె మీదో తెల్ల గోడ మీదో పెట్టండి. కాకపోతే బాగా వెలుగు పడి పేలిపోయిన తెలుపు మీద కాదు, కొంచెం నీడలో ఉన్న తెలుపు మీద. పేలిపోయిన చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ గరిష్ఠానికి చేరి ఉంటాయి కాబట్టి లైటు రంగు ఏమిటో అక్కడ తెలియదు. ఫంక్షన్ హాల్లో స్టేజీ మీద ఊదా, నీలం ఎల్‌ఈడీలు పడ్డ ముఖాలు మాత్రం ఏ డ్రాపర్‌తోనూ పూర్తిగా బాగుపడవు. ఆ ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేస్తే చక్కగా నిలబడుతుంది.

ఎర్ర పట్టుచీర ఇంకో సమస్య. శాచురేషన్ (రంగు గాఢత) పెంచితే ఎరుపు ఒక్కటే ముందు గరిష్ఠానికి చేరుతుంది, చీర మీది మడతలూ నేతా కలిసిపోయి ఎర్ర రంగు ముద్దలా కనిపిస్తుంది. స్నాప్‌సీడ్‌లో ఒక్క రంగునే విడిగా సర్దడం కష్టం. ఇక్కడ అడోబీ వాళ్ల లైట్‌రూమ్ యాప్ పనికొస్తుంది. కలర్‌లో మిక్స్ తెరిచి ఎర్ర చుక్క ఎంచుకుని శాచురేషన్ మైనస్ 10 నుంచి మైనస్ 20, ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుగు) మైనస్ 5 నుంచి మైనస్ 15 దాకా దించితే నేత తిరిగి కనబడుతుంది. ముఖాల్లోనూ కొంత ఎరుపు ఉంటుంది, వాటిని ఒక కంట చూస్తూ చేయండి. నారింజ చుక్కని కదపకండి, చర్మం రంగులో ఎక్కువ భాగం దాంట్లోనే ఉంటుంది.

అయితే లైట్‌రూమ్‌ని మీకు మొదటి యాప్‌గా చెప్పను. అడోబీ అకౌంట్‌తో లాగిన్ కావాలి, ఫోన్‌లో చోటు ఎక్కువ తింటుంది. ఫొటోలో ఒక భాగాన్నే మార్చే మాస్కింగ్ డబ్బు కడితేనే వస్తుంది. వెలుగు, రంగుల మిక్స్, కర్వ్ ఉచితమే. ఒకే హాల్లో ఒకే లైటు కింద తీసిన యాభై ఫొటోలు ఒకేలా సరిచేయాలంటే సెట్టింగులు కాపీ చేసి అతికించే వీలు బాగుంటుంది. యూట్యూబ్, టెలిగ్రామ్‌లలో పంచే ఉచిత ప్రీసెట్ల (ముందే అంకెలు సర్ది పెట్టిన సెట్టింగుల) వెంట పడకండి. కేరళ ఎండలో తీసిన ఫొటోకి కుదిరిన అంకెలు మీ హాల్లో ట్యూబ్‌లైట్ కింది ఫొటోకి కుదరవు. పైగా ఆ లింకులు నాలుగైదు పేజీలు తిప్పి చివరికి ఏదో ఏపీకే (ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైలు) చేతిలో పెడతాయి. అన్‌లాక్ చేసిన లైట్‌రూమ్, అన్‌లాక్ చేసిన పిక్స్‌ఆర్ట్ అంటూ తిరిగే ఏపీకేలు అసలే వద్దు. లోపల ఏం కలిపారో చూసే దారి మీకు లేదు, అదే ఫోన్‌లో మీ ఫోన్‌పే, బ్యాంకు యాప్ ఉన్నాయి.

చర్మం గురించి ఒక మాట. చాలా బ్యూటీ ఫిల్టర్లకి చామనఛాయని తెల్లగా చేసే అలవాటుంది. ముఖం తెల్లబడుతుంది, మెడా చేతులూ అసలు రంగులోనే ఉంటాయి, చూడగానే అతుకు తెలుస్తుంది. మొటిమలు, మచ్చలు తాత్కాలికమైనవి, వాటిని స్నాప్‌సీడ్‌లోని హీలింగ్‌తో తీయడంలో తప్పులేదు. ఫొటోని బాగా పెద్దది చేసి ఒక్కో మచ్చనీ ఒక్కసారి తాకండి. దూరం నుంచి తాకితే పెద్ద భాగం చెరిగి మరక పడుతుంది. చర్మం నునుపు చేసే మీట 20 దాటనివ్వకండి. పుట్టుమచ్చ, గాటు లాంటివి ఆ మనిషి గుర్తులు, వాళ్లని అడక్కుండా తీయొద్దు.

వెనక ఎవరో నిలబడ్డారు, కరెంటు తీగ అడ్డొచ్చింది, అలాంటివాటికి గూగుల్ ఫొటోస్‌లో మ్యాజిక్ ఎరేజర్ ఉంది. అది మీ ఫోన్‌లో ఇప్పటికే ఉండి ఉంటుంది. 2024 మే 15 నుంచి దాన్ని అందరికీ ఉచితం చేయడం మొదలుపెట్టారు, కనీసం 3 జీబీ ర్యామ్ ఉండాలన్నారు. మీ ఫోన్ సరిపోతుంది. తీగలు, దూరంగా ఉన్న మనుషులు, గోడ మీది మరకలు శుభ్రంగా పోతాయి. మనుషుల కాళ్ల మధ్య, చీర డిజైన్ మీద, ముగ్గు మీద ఉన్నవి తీస్తే గీతలు కలవవు, మసక పడుతుంది. గూగుల్ ఫొటోస్ వాడితే బ్యాకప్ ఆన్‌లో ఉంచాలో వద్దో మీరే నిర్ణయించుకోండి. ఉచిత 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్ కూడా కలిసే ఉంటాయి. వీడియోలతో అది నిండిపోతే మెయిళ్లు రావడం ఆగిపోతుంది, ఉద్యోగ దరఖాస్తులు పెట్టుకునే మనిషికి అది పెద్ద దెబ్బ.

ఇప్పుడు తెలుగు అక్షరాలు. ఇక్కడ యాప్ పేరున్నదా లేనిదా అని కాక ఒత్తులు నిలబడుతున్నాయా అని చూడాలి. కొత్త యాప్‌లో ముందుగా శ్రీ, స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, క్షేత్రం అని టైప్ చేయండి. ఒత్తు కింద కూర్చోకుండా పొల్లు అక్షరంగా పక్కన నిలబడితే ఆ యాప్‌కి తెలుగు రాదు, వెంటనే వదిలేయండి. అక్షరాల మధ్య ఎడం పెంచే మీటని కూడా ఒకసారి కదిపి చూడండి. కొన్ని యాప్‌ల్లో అది కదపగానే గుణింతం గుర్తులు విడిపోతాయి. అలాంటప్పుడు ఎడం సున్నా దగ్గరే ఉంచి అక్షరం సైజు పెంచుకోవాలి.

పిక్సెల్‌ల్యాబ్ నెట్ లేకుండా పనిచేస్తుంది, మీ దగ్గరున్న ఫాంట్‌ని అందులో కలుపుకోవచ్చు. ప్రకటనలు వస్తాయి. గూగుల్ ఫాంట్స్ సైట్‌లో రామభద్ర, మండలి, మల్లన్న, గురజాడ, ధూర్జటి, సురవరం, తెనాలి రామకృష్ణ లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, వ్యాపారానికి వాడినా ఇబ్బంది లేదు. డౌన్‌లోడ్ అయ్యేది జిప్ ఫైలు. ఫైల్ మేనేజర్‌లో విప్పి, టీటీఎఫ్ ఫైలు (ఫాంట్ ఉండేది అందులోనే) ఉన్న ఫోల్డర్‌ని పిక్సెల్‌ల్యాబ్ ఫాంట్ల పేజీలో చూపించాలి. పేరుకీ శీర్షికకీ రామభద్ర లాంటి లావు అక్షరం, కింద చిన్న వాక్యాలకి మండలి బాగుంటాయి. ఒక బొమ్మలో రెండు ఫాంట్లకి మించి వాడకండి.

ఫ్లెక్సీ షాపులో చూసిన అను ఫాంట్లు ఫోన్‌లో వేసినా పనిచేయడం లేదని చాలామంది అడుగుతుంటారు. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వాడే ఉమ్మడి అక్షర సంకేతాలు) కాదు. వాటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పేర్చి ఉంటాయి, వాటిని టైప్ చేయడానికి కంప్యూటర్‌లో వేరే ప్రోగ్రామ్ ఉంటుంది. ఫోన్ కీబోర్డు యూనికోడ్ తెలుగు పంపుతుంది, ఆ ఫాంట్‌లో దానికి అక్షరాలే లేవు. అందుకే ఫోన్ తన మామూలు ఫాంట్‌నే చూపిస్తుంది. మీ యాప్‌ది గానీ ఫోన్‌ది గానీ తప్పు లేదు.

కాన్వాకి నెట్ కావాలి, అకౌంట్ కావాలి, కానీ తెలుగు చక్కగా కూర్చుంటుంది, తయారుగా ఉన్న డిజైన్లు బోలెడు. కిరీటం గుర్తున్న బొమ్మలు వాడితే మాత్రం డౌన్‌లోడ్ దగ్గర డబ్బు అడుగుతుంది, లేదా వాటర్‌మార్క్ పడుతుంది. మొదలుపెట్టేటప్పుడే ఉచితంవి మాత్రమే ఎంచుకోండి, అంతా అయ్యాక మార్చడం విసుగు.

దరఖాస్తు ఫొటోల్లో లెక్క పక్కాగా ఉండాలి. ఉదాహరణకి ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షలకి ఫొటో 200 × 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140 × 60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ. మిగతా పరీక్షలకి అంకెలు వేరు, నోటిఫికేషన్ చూసి వేయండి. స్నాప్‌సీడ్ సైజింగ్‌లో 800 కంటే కిందికి దిగదు, అందుకే ఈ పనికి అది కుదరదు. బ్రౌజర్‌లో ఫొటోపియా తెరిచి ఫొటో ఎంచుకోండి. అది కూడా ఫైలుని మీ ఫోన్‌లోనే ఉంచుకుని పనిచేస్తుంది, సర్వర్‌కి పంపదు. ముందు 200 : 230 నిష్పత్తిలో క్రాప్ చేయండి. నేరుగా అంకెలు వేసి సైజు మారిస్తే ముఖం సాగిపోతుంది. తర్వాత ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ కింద జేపీజీ ఎంచుకుని వెడల్పు 200 అని ఇవ్వండి. క్వాలిటీ మీట కదుపుతుంటే ఫైలు ఎన్ని కేబీ అవుతుందో అక్కడే కనిపిస్తుంది. ఒక్కోసారి ఫొటో 20 కేబీ కంటే తక్కువ వచ్చి తిరస్కరిస్తుంది. చాలామంది ఎక్కువైందనుకుని ఇంకా తగ్గిస్తారు, కావలసింది క్వాలిటీ పెంచడం. సంతకం తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో పెట్టి, పగటి వెలుతుర్లో, మీ చెయ్యి నీడ పడకుండా ఫొటో తీయండి. పొడి అక్షరాల్లో విడివిడిగా రాయకండి, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పెట్టిన సంతకం ఐబీపీఎస్ ఒప్పుకోదు.

అమెరికా వీసా ఫొటోకి మాత్రం ఎడిటింగ్ జోలికి వెళ్లకండి. చతురస్రంగా, 600 × 600 నుంచి 1200 × 1200 పిక్సెళ్ల మధ్య, 240 కేబీ లోపు ఉండాలి. డిజిటల్‌గా ముఖాన్ని మార్చిన ఫొటోలు తీసుకోరు. క్రాప్ చేయడం, సైజు తగ్గించడం దాకా సరే. చర్మం నునుపు చేసే మీట ఫోన్ కెమెరాలోనే ఆన్‌లో ఉంటుంది చాలాసార్లు, తీసేముందే దాన్ని ఆపేయండి.

తాతల కాలం ఫొటోలు బాగుచేయడం గురించి మీరు అడగలేదు గానీ, ఇంటి ఫొటోలు అన్నారు కాబట్టి చెప్తున్నాను. ఫ్రేములోని ఫొటోని అద్దం మీదుగా తీస్తే కిటికీ వెలుగు పడుతుంది. గూగుల్ ఫొటోస్కాన్ అనే ఉచిత యాప్ నాలుగు మూలల నుంచి ఫొటోలు తీయించి మెరుపు తీసేసి ఒకటిగా కలుపుతుంది. గీతలూ చెదల మచ్చలూ స్నాప్‌సీడ్ హీలింగ్‌తో ఓపిగ్గా తీయండి. పాత ఫొటోని ఒక్క నొక్కుతో కొత్తది చేస్తామనే ఏఐ యాప్‌లు మసకబారిన కళ్లూ పెదవులూ సొంతంగా గీసి పెడతాయి. చూడటానికి స్పష్టంగా ఉంటుంది, కానీ అది మీ నాయనమ్మ ముఖం కాదు. సరదాకి చేసుకుంటే చేసుకోండి, స్కాన్ చేసిన అసలు ఫైలుని మాత్రం తీసేయకండి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు ఏఐతో చేసిందని రాయండి. లేకపోతే పదేళ్ల తర్వాత పిల్లలకి అదే అసలు ఫొటో అయిపోతుంది.

ఎడిట్ చేసిన ఫొటోని పంపే దారిలో కూడా నాణ్యత పోతుంది. వాట్సాప్ మామూలుగా పంపితే పొడుగువైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించేస్తుంది. 4 × 6 అంగుళాల ప్రింటుకి 1600 ఫర్వాలేదు, అంగుళానికి 267 పిక్సెళ్లు వస్తాయి. 12 × 18 ప్రింటుకి అంగుళానికి 89 మాత్రమే, మసక తెలుస్తుంది. ఆరు అడుగుల ఫ్లెక్సీకైతే అంగుళానికి 22, ముఖాలు గళ్లుగళ్లుగా విడిపోతాయి. స్టూడియోకి, ఫ్లెక్సీ షాపుకి ఎప్పుడూ డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. అందులో ఫొటో తీసిన చోటు వివరం కూడా ఉండొచ్చు, తెలియనివాళ్లకి పంపేటప్పుడు ఆలోచించండి. ఇంకో సంగతి, ఫోన్ ఫొటో 4 : 3 నిష్పత్తిలో ఉంటుంది, 4 × 6 ప్రింటు 3 : 2. ల్యాబ్‌లో పైనా కిందా కోసేస్తారు, పొడుగువాళ్ల తల పోతుంది. మీరే 3 : 2కి క్రాప్ చేసి ఇవ్వండి. అలాగే ఫొటోని ఎడిట్ చేసి సేవ్ చేసి, మళ్లీ ఆ కాపీనే తెరిచి ఇంకో యాప్‌లో సేవ్ చేయడం వల్ల జేపీజీ ప్రతిసారీ కొంత నష్టపోతుంది. వెలుగు, రంగు పూర్తిగా అయ్యాకే అక్షరాల యాప్‌లోకి తీసుకెళ్లండి.

చివరగా డబ్బు. యాప్ పేరు కింద యాప్‌లో కొనుగోళ్లు ఉన్నాయని రాసి ఉంటే, తెరవగానే మూడు రోజులు ఉచితం అనే పేజీ రావచ్చు. దాన్ని దాటే గుణకారం గుర్తు మూలన సన్నగా ఉంటుంది, కొన్ని క్షణాలాగి కనిపిస్తుంది. ఆగండి, ట్రయల్ నొక్కకండి. నొక్కి యూపీఐ ఆటోపే ఒప్పుకుంటే, గడువయ్యాక వారానికో నెలకో డబ్బు కట్ అవుతుంది. రూ. 15,000 లోపు మొత్తానికి ప్రతిసారీ పిన్ అడగరు. ముందు రోజు వచ్చే సందేశాన్ని చూడకపోతే అంతే. యాప్ తీసేస్తే చందా ఆగిపోదు. ప్లే స్టోర్‌లో కుడిపక్క పైన మీ ఫొటో నొక్కి, పేమెంట్లు, సబ్‌స్క్రిప్షన్లలోకి వెళ్లి క్యాన్సిల్ చేయాలి. తర్వాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి, ఆ పేరు అక్కడ ఇంకా యాక్టివ్ అని కనిపిస్తుంటే దాన్ని కూడా రద్దు చేయండి.